మత్తులో వేసిన వేలిముద్ర

ఆదిపర్వం చదివిన విద్యార్థులకు కచుని కథ తెలిసినదే. మృతసంజీవనీ విద్యకోసం శుక్రాచార్యుని వద్ద శిష్యుడుగా చేరిన కచుణ్ణి రాక్షసులు చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి గురువుచేతనే తాగించారు. తాగినవాడు సామాన్యుడు కాడు. నీతిశాస్త్రానికి కర్తగా లోకం చెప్పుకొనే ఆచార్యుడు. అంతటివానికి కూడ పాత్రలో ఉన్నదేమిటో తెలియలేదు. తెలిసిన తరువాత ఆయన సురాపానం పాపమని లోకానికి ఒక మర్యాద ఏర్పరచాడు. నన్నయభట్టు తెలుగు చేసిన ఈ కథలో రెండు సత్యాలు దాగి ఉన్నవి. తాగేవానికి తాను తాగుతున్నది ఏమిటో తెలియకపోవచ్చుననేది మొదటిది. మత్తును గూర్చి నిర్ణయం చేయగలది మత్తు దిగిన బుద్ధియేననేది రెండవది.

ఈ రెండు సత్యాలూ నేటి న్యాయశాస్త్రంలో ఒక చిక్కు ప్రశ్నగా నిలిచి ఉన్నవి. మత్తులో ఉన్న మనిషి మానసిక చికిత్సాలయపు ద్వారం వద్ద నిలిచి, "నన్ను చేర్చుకోండి" అన్నాడనుకొందాం. ఆ మాట అతనిదా, మత్తుదా? కాగితంమీద అతడు వేసిన వేలిముద్రను సమ్మతి అనవచ్చునా? అనరాదంటే అతణ్ణి వెనుకకు పంపవలసినదేనా? పంపితే దారిలో ప్రాణం పోతే బాధ్యులెవరు? ఇది న్యాయవాదులు మాత్రమే తర్కించుకోవలసిన విషయం కాదు. తండ్రి మత్తులో పడి ఉంటే బడికి రాని పిల్లవాడు ప్రతి పల్లెలోను ఉన్నాడు. కనుక ఇది ఉపాధ్యాయునికి కూడ సంబంధించిన విషయమే.

లొట్టిలోనికి వచ్చిన మందు

సికింద్రాబాదు నుండి కాజీపేటకు పోయే రైలు మార్గంలో, భువనగిరి దాటిన తరువాత వచ్చే ఊరు ఆలేరు. పూర్వం నల్లగొండ జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. ఒక ప్రక్క యాదగిరిగుట్ట నరసింహస్వామి, మరొక ప్రక్క జైనులకూ వీరశైవులకూ పూజనీయమైన కొలనుపాక. ఇంకా తూర్పునకు పోతే జనగామ ప్రాంతంలో సర్వాయి పాపన్న కోట ఖిలాషాపూర్ తగులుతుంది. ఆ పాపన్న గీతవృత్తివారి బిడ్డ. ఆలేరు మొదలు పాలమూరు వరకు వ్యాపించిన ఈ మెట్టభూములలో నీరు తక్కువ. తాళ్ళకూ ఈదులకూ లోటు లేదు. మోకు, ముస్తాదు ధరించి తెల్లవారకముందే చెట్టెక్కే గౌడులు ఇక్కడి గ్రామజీవితంలో విడదీయరాని భాగం. పెళ్ళికీ, చావుకూ, బోనానికీ కల్లు ఉండవలసినదే. నిజాం కాలంలో ఆబ్కారీ పన్ను ఖజానాకు వచ్చే ముఖ్యమైన ఆదాయాలలో ఒకటి.

చెట్టునుండి దిగిన కల్లు గాలిలోని సూక్ష్మజీవులవల్ల కొద్ది గంటలలోనే పులుస్తుంది. అందులోని మద్యసారం సారాయితో పోలిస్తే బహుస్వల్పం. కాని చెట్టు ఇచ్చేదానికంటె దుకాణం అమ్మేది ఎక్కువైనప్పుడు లెక్క ఎక్కడో తప్పుతుంది. ఆ తప్పిన లెక్కను సరిచేయడానికి నీరు, చక్కెర, సాకరిన్, వాటితో పాటు నిద్రమందులు లొట్టిలోనికి వచ్చినవి. క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, ఆల్ప్రజోలం అనేవి వీటిలో ముఖ్యమైనవి. క్లోరల్ హైడ్రేటును జర్మనీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ 1832లో తయారు చేశాడు. 1869 నుండి అది వైద్యంలో నిద్రమందుగా వాడుకకు వచ్చినది. రోగికి నిద్ర పట్టించడానికి పుట్టిన ఆ మందే తెలంగాణ పల్లెలలో "మందుకల్లు" రూపంలో రోగిని పుట్టించినది. తాగేవాడు తాను కల్లు తాగుతున్నాననే అనుకొంటాడు. నిజానికి వైద్యుడు చీటీ వ్రాయనిదే అమ్మరాని మందును, మోతాదు తెలియకుండా, ఏళ్ళ తరబడి మింగుతున్నాడు.

ఈ సంగతి లోకానికి స్పష్టంగా తెలిసినది 2015 సెప్టెంబరులో. కల్తీ కల్లుమీద తెలంగాణ ప్రభుత్వం దాడులు ముమ్మరం చేయగా మహబూబ్‌నగర్, నిజామాబాదు, మెదక్ జిల్లాలలో మందుకల్లు ఒక్కసారిగా దొరకకుండా పోయినది. నిషేధం ఫలించినదని సంతోషించవలసిన సమయంలో ఆసుపత్రులు నిండినవి. చేతులు వణికేవారు, మూర్ఛలు వచ్చేవారు, లేనివి కనిపిస్తున్నవనే వారు, అయినవారిని గుర్తించలేనివారు గుంపులుగా వచ్చారు. వారిలో స్త్రీలు కూడ ఉన్నారు. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి కుటుంబాలు బారులు తీరినవి. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణంగా దేశమంతటా దుకాణాలు మూతపడినప్పుడు అదే దృశ్యం అదే ఎర్రగడ్డలో తిరిగి కనిపించినది. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కొందరు మరణించగా, పలువురు మూత్రపిండాలు దెబ్బతిని ఆసుపత్రి పాలైనారు.

ఇట్లు వచ్చినవారిలో చాలమంది ఎవరి బలవంతం లేకుండానే, బాధ భరించలేక వచ్చినవారు. కాని వచ్చిన క్షణంలో వారి బుద్ధి వారి స్వాధీనంలో లేదు. చట్టం ఎదుర్కొనవలసిన చిక్కు ఇదే.

నూట ఏబదేళ్ళ నాటి సూత్రం

మత్తులో ఉన్నవాని మాటకు విలువ ఎంత అనే ప్రశ్నకు భారతదేశపు చట్టం 1872లోనే ఒక సమాధానం చెప్పినది. ఆ సంవత్సరపు కాంట్రాక్టు చట్టం 12వ సెక్షను మనఃస్వస్థతను నిర్వచిస్తుంది. జ్వరంతో సన్నిపాతంలో ఉన్నవాడుగాని, షరతులు అర్థం చేసుకోలేనంతగా తాగి ఉన్నవాడుగాని ఆ స్థితి ఉన్నంతవరకు ఒప్పందం చేయడానికి తగడని దాని భావం. ఇక్కడ గమనించవలసినది "ఆ స్థితి ఉన్నంతవరకు" అనే హద్దు. తాగుబోతు ఎన్నటికీ తెలివిలేనివాడని చట్టం అనలేదు. ఆ పూటకు మాత్రమే తగడన్నది. పొలం అమ్మడానికి పనికిరాని ఆ పూటి మాట, తన శరీరాన్ని తాళపు గదికి అప్పగించడానికి మాత్రం ఎట్లు పనికి వస్తుంది?

మానసిక చికిత్సకు సంబంధించిన చట్టాలు ఈ ప్రశ్నను చేరుకోవడానికి చాలకాలం పట్టినది. 1912 నాటి లూనసీ చట్టం ప్రధానంగా కట్టడి చట్టం. అయినా తన ఇష్టంతో చికిత్సకు వచ్చేవానికి అందులోను ఒక చిన్న ద్వారం ఉన్నది. ఆసుపత్రి సందర్శకులలో ఇద్దరు ఒప్పుకొంటే అతణ్ణి చేర్చుకోవచ్చు. పోతానని వ్రాసి ఇచ్చిన తరువాత 24 గంటలకు మించి ఉంచరాదు. 1987లో వచ్చి, 1993 ఏప్రిల్ 1 నుండి అమలైన మానసిక ఆరోగ్య చట్టం ఈ ద్వారాన్ని పెద్దది చేసినది. సందర్శకుల అనుమతి అక్కరలేకుండా, రోగి కోరితే వైద్యాధికారి విచారించి చేర్చుకోవచ్చునన్నది. మద్యానికీ, ఇతర మత్తుపదార్థాలకూ బానిసలైనవారికోసం ప్రత్యేక చికిత్సాలయాలు ఉండవచ్చునని కూడ చెప్పినది. కాని లోపలికి వచ్చిన తరువాత బయటికి పోవడం అంత తేలిక కాదు. పంపడం మంచిది కాదని వైద్యుడు తలచితే, 72 గంటలలో ఇద్దరు వైద్యులతో మండలి ఏర్పరచి, దాని అభిప్రాయంపై ఒక్కొక్క పర్యాయం 90 దినాల వరకు ఉంచవచ్చు. స్వచ్ఛందంగా వచ్చినవాడు స్వచ్ఛందంగా పోలేకపోవడం ఆ చట్టంలోని విచిత్రం.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో జరిగిన ఘోరం ఈ కట్టడి మనస్తత్వాన్ని లోకానికి చూపినది. అక్కడి ఆశ్రమంలో మంటలు చెలరేగగా, గొలుసులతో బంధింపబడిన 28 మంది మానసిక రోగులు పారిపోలేక కాలిపోయారు. రోగి మేలుకోసమని వేసిన గొలుసే అతని ప్రాణం తీసినది.

2017 చట్టం చెప్పినదేమి?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ఏప్రిల్‌లో రాష్ట్రపతి ఆమోదం పొంది, 2018 మే 29న అమలులోనికి వచ్చినది. దీని దృష్టి వేరు. రోగిని ఏమి చేయవలెనని అడగడానికి ముందు, రోగి ఏమి కోరుతున్నాడని ఇది అడుగుతుంది.

మానసిక వ్యాధి నిర్వచనంలో మద్యం, మత్తుమందుల దుర్వినియోగంతో కూడిన మానసిక స్థితులను ఈ చట్టం స్పష్టంగా చేర్చినది. ఈ విషయంలో భారతదేశపు చట్టానికీ ఇంగ్లండు చట్టానికీ భేదం ఉన్నది. ఇంగ్లండులో 1983 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మద్యానికో మత్తుమందుకో బానిస కావడమే మనోరుగ్మతగా లెక్కకు రాదు. ఆ ఒక్క కారణంతో ఎవరినీ నిర్బంధించడానికి వీలు లేదు. ఇక్కడ వ్యసనానికి చికిత్స చేయించుకొనే హక్కును మానసిక ఆరోగ్య చట్టంలోనే కలిపినారు. అయితే పండుగనాడు లొట్టెడు కల్లు తాగి పాట పాడుకొనే ప్రతి మనిషీ మనోరోగి అని దీని అర్థం కాదు. చేరికకు తగినంత తీవ్రత ఉండవలె. చేరడంవల్ల మేలు కలిగే అవకాశం కూడ ఉండవలె.

తన ఇష్టంతో చేరడాన్ని ఈ చట్టం "స్వతంత్ర రోగి" చేరిక అంటుంది. చేరికలన్నీ సాధ్యమైనంతవరకు ఈ విధంగానే జరగవలెనని దాని ఆశయం. వ్యాధి తీవ్రత, చికిత్సవల్ల ప్రయోజనం అనే రెండింటితో పాటు 86వ సెక్షను మూడవ షరతు పెట్టినది. రోగి తాను ఎందుకు చేరుతున్నాడో గ్రహించి, ఎవరి ఒత్తిడీ లేకుండా కోరి ఉండవలె. గ్రహించలేని స్థితిలో ఉంటే, అనగా ప్రతి నిర్ణయానికీ దాదాపు నూటికి నూరుపాళ్ళు ఇతరుల సహాయమే కావలసి ఉంటే, అతణ్ణి స్వతంత్ర రోగిగా చేర్చుకోరాదని చట్టం నిష్కర్షగా చెప్పినది. మత్తులో తూలుతున్నవాని వేలు పట్టి కాగితంమీద ముద్ర వేయించడం ఈ షరతు ముందు నిలువదు.

నిర్ణయ సామర్థ్యమంటే ఏమిటో కూడ 4వ సెక్షను వివరించినది. చెప్పిన విషయాన్ని అర్థం చేసుకోవడం, తన నిర్ణయంవల్ల కలిగే ఫలితాన్ని ఊహించగలగడం, తన నిర్ణయాన్ని మాటతోనో సైగతోనో తెలుపగలగడం దాని లక్షణాలు. ఇంకొక మాట కూడ అందులో ఉన్నది. ఒకని నిర్ణయం ఇతరులకు తప్పుగా తోచినంతమాత్రాన అతనికి సామర్థ్యం లేదనరాదు. తెలివిలో ఉన్నవాడు "నేను చేరను" అంటే, ఆ మాట భార్యకు దుఃఖం కలిగించినా, వైద్యునికి కోపం తెప్పించినా, అది అతని మాటగానే చెల్లుతుంది.

వెనుకకు పంపమన్నదా?

మత్తులో వచ్చినవాని సమ్మతి చెల్లదంటే వానిని ఇంటికి పంపమని చట్టం చెప్పినట్లా? పలువురు ఇట్లే పొరబడుతున్నారు. ఒక ద్వారం మూసిన చట్టమే మరి రెండు ద్వారాలు తెరిచినది.

మొదటిది అత్యవసర చికిత్స. ప్రాణాపాయంగాని, తనకో పరులకో తీవ్రమైన హానిగాని కలిగే ప్రమాదం ఉన్నప్పుడు, రిజిస్టరైన ఏ వైద్యుడైనా 72 గంటల వరకు చికిత్స చేయవచ్చునని 94వ సెక్షను చెప్పుతున్నది. దానికి మానసిక వైద్యుడే కావలసిన పని లేదు. పెద్ద ఆసుపత్రియే కానక్కరలేదు. దగ్గర ఉన్న ప్రతినిధి సమ్మతి తీసుకొంటే చాలును. రోగిని సమీపంలోని మానసిక చికిత్సాలయానికి చేర్చడం కూడ ఈ అత్యవసర చికిత్సలో భాగమే. ఆలేరు వంటి ఊళ్ళకు ఈ సెక్షను పెద్ద వరం. ఎర్రగడ్డకు ఇక్కడినుండి సుమారు 70 కిలోమీటర్ల పైన ప్రయాణం. దారిలో బీబీనగర్‌లో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వెలసినా, అర్ధరాత్రి మూర్ఛ వచ్చినవానికి మొదట అందవలసినది ఊళ్ళోని వైద్యుని చేయియే.

రెండవది సహాయంతో చేరిక. రోగి నిర్ణయం చేయలేని స్థితిలో ఉంటే అతని నియమిత ప్రతినిధి దరఖాస్తు చేయవచ్చు. ఒక మానసిక వైద్యుడు, మరొక వైద్యుడో మానసిక ఆరోగ్య నిపుణుడో వేరువేరుగా పరీక్షించి ఒప్పుకోవలె. గడువు 30 దినాలు. ఈ చేరికను 7 దినాలలో, రోగి స్త్రీ అయినా మైనరు అయినా 3 దినాలలో, మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి తెలియజేయవలె. ఏడేసి దినాలకు ఒకసారి రోగి సామర్థ్యాన్ని తిరిగి పరీక్షించవలె. తెలివి వచ్చిన తరువాత అతడు ఉండదలచితే స్వతంత్ర రోగిగా మారవచ్చు.

ఈ గడువులకూ శరీరధర్మానికీ పొంతన ఉన్నది. చాలకాలంగా విపరీతంగా తాగేవాడు హఠాత్తుగా మానితే కొద్ది గంటలలోనే వణుకు, చెమట, ఆందోళన మొదలవుతవి. మొదటి రెండు దినాలలో మూర్ఛలు రావచ్చు. సాధారణంగా రెండవ దినం తరువాత సన్నిపాతం వచ్చి, చికిత్స లేకపోతే ప్రాణం తీయవచ్చు. కనుక మత్తు దిగినంతమాత్రాన మనిషి తెలివిలోనికి వచ్చినట్లు కాదు. మత్తు ఒక తెర, మత్తు మానిన బాధ రెండవ తెర. ఈ రెండు తెరలూ తొలగిన పిమ్మటనే అసలు మనిషి కనిపిస్తాడు. మందుకల్లు విషయంలో ఇది మరింత సూక్ష్మం. ఆల్ప్రజోలం వంటి మందులను ఒక్కసారిగా ఆపరాదు. వైద్యుని పర్యవేక్షణలో క్రమక్రమంగా తగ్గించవలె. "గదిలో పెట్టి తాళం వేస్తే వారంలో మానుతాడు" అనే గ్రామీణ వైద్యం ఇక్కడ హత్యతో సమానం కావచ్చు.

సమ్మతిని చాటుగా సంపాదించడంలోని ప్రమాదాన్ని గూర్చి అమెరికాలో ఒక ప్రసిద్ధమైన వ్యాజ్యం ఉన్నది. 1981లో ఫ్లోరిడా రాష్ట్రంలో రహదారి ప్రక్కన గాయాలతో తిరుగుతున్న ఒక వ్యక్తిని మానసిక చికిత్సాలయానికి తెచ్చారు. తాను స్వర్గంలో ఉన్నానని అతడు భావిస్తున్నాడు. అతనిది మద్యపు మత్తు కాదు, మతిభ్రమ. అట్టి స్థితిలో స్వచ్ఛంద చేరిక పత్రాలమీద సంతకం చేయించుకొని అయిదు మాసాలు ఉంచారు. జినర్మన్ - బర్చ్ వ్యాజ్యంగా పేరుపొందిన ఆ కేసులో, తన స్వేచ్ఛ అన్యాయంగా హరింపబడినదని దావా వేయడానికి అతనికి హక్కు ఉన్నదని అమెరికా సుప్రీంకోర్టు 1990లో తీర్పు చెప్పినది. తీర్పుకు అనుకూలురు అయిదుగురు, ప్రతికూలురు నలుగురు. న్యాయమూర్తులలోనే ఇంత భేదం ఉన్నదంటే ప్రశ్న ఎంత కఠినమో ఊహించవచ్చు. సంతకం తెచ్చుకోవడం సులువు కనుకనే చికిత్సాలయం దానిని ఆశ్రయిస్తుంది. బలవంతపు చేరికకు ఉన్న విచారణలు, గడువులు, పర్యవేక్షణ, ఇవన్నీ ఆ ఒక్క సంతకంతో దాటిపోవచ్చు. మత్తులోని రోగిని "స్వతంత్ర రోగి"గా వ్రాయడంలో అతనికి జరిగే నష్టం ఇదే. సహాయ చేరికగా వ్రాస్తే సమీక్షా మండలి కన్ను అతనిమీద ఉంటుంది.

మూడవనాటి మాట

ఇంతకంటె కఠినమైన ఘట్టం చేరికనాడు రాదు. మూడవనాడో నాలుగవనాడో వస్తుంది. వణుకు తగ్గినది. మాట తిన్నగా వచ్చినది. అప్పుడు రోగి, "ఇక నేను ఇంటికి పోతాను" అంటాడు. స్వతంత్ర రోగి కోరినప్పుడు వెంటనే పంపవలెనని 88వ సెక్షను ఆదేశిస్తున్నది. తన నిర్ణయపు స్వభావం గ్రహించలేకపోవడం, తనకు లేక పరులకు హాని తలపెట్టడం వంటి కారణాలు ఉంటే, సహాయ చేరిక అవసరమో కాదో పరీక్షించడానికి 24 గంటలు మాత్రం ఆపవచ్చు.

కుటుంబాల ఆక్రోశం ఇక్కడే. ఆ మాట అన్నది మనిషా, వ్యసనమా? బస్సు దిగిన వెంటనే దుకాణానికే పోతాడని తెలిసిన ఇల్లాలికి చట్టం చల్లని రాయివలె తోచడంలో ఆశ్చర్యం లేదు. ఆమె దుఃఖాన్ని తేలికగా కొట్టివేయడానికి వీలు లేదు. కూలి డబ్బు పోయినది, పుస్తెలు పోయినవి, పరువు పోయినది. ఆసుపత్రికి తీసుకొని రావడానికి చేసిన అప్పు మిగిలినది.

కాని రెండవ ప్రక్క కూడ చూడవలె. కోరికకు లొంగడం వేరు, బుద్ధి లేకపోవడం వేరు. తెలివి ఉండి చెడ్డ నిర్ణయం చేసే ప్రతివానినీ బంధించవచ్చునంటే, ఆ అధికారం మంచివారి చేతిలోనే ఉంటుందనే హామీ లేదు. ఆస్తి తగాదాలో అన్నను "తాగుబోతు" అని ముద్రవేసి లోపల పెట్టించే తమ్ముడు కూడ ఈ లోకంలోనే ఉన్నాడు. అంతేకాక వ్యసనానికి చికిత్స ఒక్క పూటతో తీరేది కాదు. మానినవాడు మళ్ళీ తాగుతాడు. మళ్ళీ రావలసి ఉంటుంది. మొదటిసారి మోసపోయి తాళం వెనుక చిక్కినవాడు రెండవసారి ఆసుపత్రి గడప తొక్కడు. పోయినా తిరిగి రావచ్చుననే నమ్మకం ఉన్నవాడే మళ్ళీ వస్తాడు. చట్టం ఇచ్చిన స్వేచ్ఛ కనికరం లేనిదిగా కనిపించినా, దూరం ఆలోచిస్తే ఆ స్వేచ్ఛయే చికిత్సకు పునాది.

ఈ రెండింటి నడుమ ఒక మధ్యేమార్గాన్ని చట్టమే చూపినది. దానికి ముందస్తు ఆదేశమని పేరు. హోమరు కావ్యంలో యులిసిస్ సముద్రకన్యల పాటకు తాను లొంగిపోతానని ముందే ఎరిగి, తనను ఓడస్తంభానికి కట్టమనీ, విప్పమని వేడినా విప్పవద్దనీ నావికులకు చెప్పి ఉంచుతాడు. అదేవిధంగా పెద్దవాడైన ఎవడైనా, బుద్ధి నిలకడగా ఉన్నప్పుడు, తనకు సామర్థ్యం తప్పినవేళ ఎట్టి చికిత్స చేయవలెనో, ఎట్టిది చేయరాదో, తన పక్షాన ఎవరు మాట్లాడవలెనో వ్రాసి ఉంచవచ్చు. సామర్థ్యం పోయినప్పుడే అది అమలులోనికి వస్తుంది. తిరిగి రాగానే ఆగుతుంది. కనుక యులిసిస్ కట్టంత గట్టిది కాదు. అయినా మత్తులోని మనిషి తరఫున మత్తులేని అదే మనిషి మాట్లాడగలిగే సాధనం ఇదొక్కటే. దీనిని గూర్చి పల్లెలలో తెలిసినవారు అరుదు.

మత్తుమందుల చట్టంలో కూడ స్వచ్ఛంద చికిత్సకు ఒక ప్రోత్సాహం ఉన్నది. 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టం 64-ఎ సెక్షను ప్రకారం, వాడకం నేరంపైనో స్వల్ప పరిమాణానికి చెందిన నేరంపైనో అభియోగం వచ్చిన వ్యసనపరుడు తానై కోరి, ప్రభుత్వపు లేక ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థలో చికిత్స పొందితే అతనిపై ప్రాసిక్యూషను ఉండదు. చికిత్స పూర్తిచేయక మధ్యలో మానితే ఆ రక్షణ తొలగిపోవచ్చు. జైలుకు బదులు ఆసుపత్రిని చూపే ఈ నిబంధన కళాశాల విద్యార్థులూ వారి తల్లిదండ్రులూ తప్పక తెలుసుకోదగినది.

చట్టానికీ పల్లెకూ నడుమ

మద్యంపై పోరాటంలో తెలుగుదేశానికి ఘనమైన చరిత్ర ఉన్నది. కాళ్ళకూరి నారాయణరావు "మధుసేవ" నాటకం రంగస్థలంమీద తాగుడును దుయ్యబట్టినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని ఎదిరించగా ఆ ఉద్యమం రాష్ట్రమంతటా పాకినది. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినవి. 1997లో ఆ నిషేధం సడలినది. కాని ఈ చరిత్రలో దుకాణాన్ని గూర్చిన చర్చ ఎక్కువ, రోగిని గూర్చిన చర్చ తక్కువ. దుకాణం మూసిన మరునాడు తాగేవాని శరీరం ఏమవుతుందనే ప్రశ్నను 2015 సెప్టెంబరు గట్టిగా అడిగినది. కల్తీని అరికట్టడం ప్రభుత్వ ధర్మం. అరికట్టే దినానికి ముందే ప్రతి మండలంలోను మందులు, పడకలు, వైద్యులు సిద్ధం చేయడం కూడ ఆ ధర్మంలోనిదే.

ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ జరిపి 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒకరు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందారు. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందికి ఒకరు. ఈ అంకెలను చూచినప్పుడు సమ్మతిని గూర్చిన చర్చకు మరొక అర్థం వస్తుంది. అధిక సంఖ్యాకులకు సమ్మతి అడిగేవారే లేరు. ఆ శూన్యంలోనే లైసెన్సులేని "మాన్పించే కేంద్రాలు" పుట్టుకొస్తవి. మనోరోగులను చేర్చుకొని ఉంచే ఏ సంస్థ అయినా ఈ చట్టం క్రింద రిజిస్టరు కావలసినదే. గొలుసులతో బంధించడం ఎవరికీ తగదు. జిల్లాలో కనీస సేవలు కల్పించలేకపోతే, అదే జిల్లాలోని మరొక సంస్థలో పొందే చికిత్స ఖర్చును ప్రభుత్వమే భరించవలెననీ, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ప్రభుత్వ సేవలు ఉచితమనీ చట్టం చెప్పినది. అడిగేవారు ఉన్నప్పుడే ఈ మాటలకు ప్రాణం వస్తుంది.

అడగడం ఎవరు నేర్పవలె? పల్లెలో చట్టం చదివి చెప్పగలిగినవాడు తరచుగా ఉపాధ్యాయుడే. తండ్రి తాగుడును పదిమందిలో ఎత్తి పిల్లవాణ్ణి సిగ్గుపరచకుండా, అది చికిత్స ఉన్న వ్యాధి అని చెప్పడం అతడు చేయగల మొదటి ఉపకారం. తాగడం మానదలచినవాణ్ణి ఒక్కసారిగా మానమని ఒట్టు పెట్టించక వైద్యుని వద్దకు పంపడం రెండవది. 14446 అనే వ్యసన విముక్తి సహాయ సంఖ్యను, 14416 అనే టెలి-మానస్ సంఖ్యను బడిగోడమీద వ్రాయించడం మూడవది. ముందస్తు ఆదేశం వ్రాసుకోవడంలో తోడ్పడడం నాలుగవది. చదువుకొన్న విద్యార్థి ఒక్కడు ఇంట్లో ఉంటే, ఆసుపత్రిలో ఇచ్చిన కాగితాన్ని ముద్ర వేయకముందు చదివి తండ్రికి వినిపించగలడు.

వ్యసనపరుని రోజులో ఒక చిన్న వేళ ఉన్నది. తెల్లవారుజామున, రాత్రి మత్తు దిగి, పగటి కోరిక ఇంకా లేవకముందు, "ఈ బ్రతుకు వద్దు, నన్ను ఎక్కడికైనా తీసుకొని పోండి" అని అతడు అనే వేళ అది. అది నిజంగా అతని సొంత మాట కావడానికి ఎక్కువ అవకాశం ఉన్నది. చట్టం గౌరవించదలచినది ఆ మాటనే. ఆ వేళ ఎంతోసేపు నిలువదు. అది దాటకముందే అతని చేయి పట్టుకొనే వైద్యుడు ఊరికి దగ్గరగా ఉంటే ఎవరూ మత్తులోని వేలిముద్రకోసం వెదకవలసిన పని ఉండదు.